రాబందులు ఎందుకు పోయాయి? – పాడి రైతు తెలుసుకోవలసిన సంగతులు

పాడి పశువు మేత గురించి, దాణా గురించి, చూడి, ఈత, పొదుగు సంరక్షణ గురించి సభ్యులు ఎన్నో విషయాలు విని ఉన్నారు. పశువు చనిపోయిన తరువాత దాని సంగతి ఏమిటన్నది మాత్రం మనం అంతగా ఆలోచించము. తోలు తీసేవారికి కబురు పెట్టడం, ఊరి బయటకు ఈడ్పించడం, అంతటితో మన పని అయిపోయిందనుకోవడం పూర్వం నుంచి వస్తున్న అలవాటు. అలా అనుకోగలగడానికి కారణం మిగిలిన పని రాబందులు చేసి పెట్టడమే.

నలభై, యాభై ఏళ్ళు దాటిన సభ్యులకు ఈ దృశ్యం జ్ఞాపకం ఉండే ఉంటుంది. కళేబరం పడిన కొంతసేపటికే ఆకాశంలో చుక్కలు కనిపించేవి. అవి సుడి తిరుగుతూ దిగివచ్చేవి. గుంపు పెద్దదైతే గంట లోపే ఎముకల గూడు తప్ప మరేమీ మిగిలేది కాదు. నేటి పిల్లలు రాబందును బొమ్మలో చూడవలసిందే. ఇంత పెద్ద పక్షి ఇన్ని లక్షల సంఖ్యలో ఎలా మాయమైంది? దానికీ మన పాడికీ సంబంధమేమిటి? ఇందులో ఇప్పుడు మనం చేయగలిగినది ఏమైనా ఉన్నదా? ఈ వ్యాసంలో ఈ మూడు విషయాలనూ వివరిస్తాము.

జీతం లేని పారిశుద్ధ్య పనివాడు

రాబందు అంటే మనవాళ్ళకు మంచి అభిప్రాయం లేదు. ఇంటి మీద వాలితే అశుభమని ఆ ఇల్లు విడిచిపెట్టిన రోజులున్నాయి. పేదల సొమ్ము తినేవారిని ‘రాబందుల్లా పీక్కు తింటున్నారు’ అని తిడతాము. అయితే రామాయణంలో సీతమ్మ కోసం ప్రాణమిచ్చిన జటాయువును మన పెద్దలు రాబందు జాతి పక్షిగానే చెప్పుకున్నారు. ఆ జటాయువు పడిన చోటే మన లేపాక్షి అని స్థల పురాణం.

అశుభం మాట ఎలా ఉన్నా, రాబందు బ్రతికి ఉన్న పశువు జోలికి సాధారణంగా రాదు. దాని ఆహారం చచ్చిన జంతువు. దాని కడుపులోని ఆమ్లం అతి తీక్షణమైనది. దొమ్మ రోగం వంటి భయంకర వ్యాధుల క్రిములు కూడా ఆ ఆమ్లానికి తట్టుకోవడం కష్టం. కుక్క, కాకి, ఎలుక కూడా కళేబరాన్ని తింటాయి గాని, వాటి పని నెమ్మది. పైగా అవి ఊళ్ళోకి వస్తాయి, రోగాన్ని వెంట తెస్తాయి. రాబందు తిని ఎగిరిపోతుంది.

మన దేశంలో 2019 పశుగణన ప్రకారం ఆవు, గేదె జాతి పశువులు 30 కోట్లకు పైగా ఉన్నాయి. ఇన్ని పశువులున్న దేశంలో ఏటా చనిపోయేవి ఎన్నో ఊహించుకోవచ్చు. ఇంత పెద్ద పారిశుద్ధ్య పనిని పైసా ఖర్చు లేకుండా చేసిపెట్టినవి రాబందులే. శుభ్రంగా మిగిలిన ఎముకలను ఏరి ఎముకల పొడి మిల్లులకు అమ్ముకొని బ్రతికిన కుటుంబాలు కూడా ఉండేవి.

పదిహేనేళ్ళలో వెయ్యికి ఒకటి

1980లలో తెల్లవీపు రాబందును ప్రపంచంలోని పెద్ద వేట పక్షులలో అత్యధిక సంఖ్యలో ఉన్న పక్షిగా శాస్త్రజ్ఞులు భావించేవారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో 1990ల ద్వితీయార్ధంలో మొదటిసారి అపాయం కనిపించింది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన విభు ప్రకాశ్ అంతకు పదేళ్ళ ముందు అక్కడ లెక్కపెట్టిన పక్షులు తిరిగి వెళ్ళి చూసేసరికి చాలా వరకు లేవు. చెట్ల కొమ్మల మీద మెడ వాల్చి కూర్చున్న పక్షులు కొన్ని రోజులలో నేలరాలుతున్నాయి.

తరువాత దేశమంతటా రోడ్ల వెంబడి తిరిగి లెక్కలు తీశారు. 1992 నుంచి 2007 వరకు పదిహేనేళ్ళలో తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు తగ్గిపోయాయని తేలింది. అనగా వెయ్యి పక్షులున్న చోట ఒక్కటి మిగిలింది. పొడుగు ముక్కు, సన్న ముక్కు రాబందులు కలిపి నూటికి 97 వంతుల వరకు తగ్గాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత త్వరగా తరిగిపోయిన పక్షి జాతి చరిత్రలో అరుదు.

కారణం ఎలా తెలిసింది?

మొదట అందరూ ఏదో అంటువ్యాధి అనుకున్నారు. పురుగుమందులేమో అని కూడా అనుమానించారు. పరీక్షించి చూస్తే ఆ రెండూ నిలువలేదు. 2000 నుంచి పాకిస్తాన్‌లోని పంజాబు ప్రాంతంలో అమెరికా పశువైద్య శాస్త్రజ్ఞుడు లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు చనిపోయిన రాబందులను కోసి పరీక్షించారు. వాటిలో చాలా పక్షుల గుండె, కాలేయం మీద సున్నం పూసినట్లుగా తెల్లటి పొర కనిపించింది. అది యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు చెడిపోతే పక్షి శరీరంలో ఆ ఆమ్లం బయటికి పోలేక ఇలా పేరుకుంటుంది.

మూత్రపిండాలను చెడగొట్టినదేమిటి? ఇక్కడ వారు సులువైన ప్రశ్న ఒకటి వేసుకున్నారు. రాబందు తినేది పశువును. కాబట్టి పశువుకు ఇస్తున్న మందులేమిటో చూడాలి. మందుల దుకాణాలను, పశువైద్యులను అడిగి తెలుసుకొనగా, మూత్రపిండాలకు హాని చేయగల మందులలో ఒకటి విరివిగా వాడుకలో ఉన్నట్లు తెలిసింది. దాని పేరు డైక్లోఫెనాక్.

మూత్రపిండాలు చెడి చనిపోయిన 25 పక్షులను పరీక్షిస్తే 25 పక్షులలోనూ ఈ మందు అవశేషం దొరికింది. వేరే కారణాలతో చనిపోయిన 13 పక్షులలో ఒక్కదానిలోనూ దొరకలేదు. ఈ మందు ఇచ్చిన పశువుల మాంసాన్ని పెంపుడు రాబందులకు పెట్టి చూస్తే అవి కూడా అదే విధంగా చనిపోయాయి. ఈ ఫలితాలు 2004లో ప్రకటితమయ్యాయి.

మనకు తెలిసిన మందే

డైక్లోఫెనాక్ అంటే కొత్తదేమీ కాదు. మోకాళ్ళ నొప్పికి, నడుం నొప్పికి మనుషులు వాడే మందు. 1970లలో మార్కెట్టులోకి వచ్చింది. పేటెంటు గడువు తీరిన తరువాత ఎన్నో కంపెనీలు తయారీకి దిగాయి. ధర బాగా తగ్గింది. 1990ల తొలి సగంలో పశువులకు కూడా మన దేశంలో వాడుక మొదలైంది. పొదుగువాపు, జ్వరం, కుంటు, ఈత కష్టమైనప్పుడు వచ్చే బాధ – దేనికైనా ఒక ఇంజక్షను చేస్తే పశువు త్వరగా లేచి మేత ముట్టేది. చౌక మందు, త్వరగా గుణం. రైతు దానిని మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. తయారు చేసినవారుగాని, రాసిచ్చినవారుగాని, వేయించుకున్నవారుగాని పక్షుల మీద పగబట్టి చేసిన పని కాదిది. అయినా నాలుగు వైపుల నుంచి నాలుగు మంచి ఉద్దేశాలు కలిసి ఒక జాతిని తుడిచిపెట్టాయి.

పశువు శరీరం ఈ మందును కొద్ది రోజులలో బయటకు పంపేస్తుంది. కనుక మందు పడి కోలుకున్న పశువు వల్ల రాబందుకు ప్రమాదం లేదు. ఇంజక్షను చేసిన రెండు, మూడు రోజులలో పశువు చనిపోతే మాత్రం కాలేయంలోను, మూత్రపిండాలలోను, సూది వేసిన కండలోను మందు మిగిలి ఉంటుంది. బాగా జబ్బు చేసిన పశువుకే మందు వేస్తాము. చనిపోయేవి కూడా అవే. అందుచేత ఇటువంటి కళేబరాలు మనం అనుకునే దానికన్నా ఎక్కువ. 2004, 2005 సంవత్సరాలలో మన దేశంలో పరీక్షించిన కళేబరాలలో నూటికి పదింటిలో ఈ మందు కనిపించింది.

నూటికి ఒక్కటి చాలు

పదింటిలో ఒకటి అయితే మిగిలిన తొమ్మిది మంచివే కదా అని సభ్యులకు తోచవచ్చు. లెక్క వేసి చూద్దాము. రాబందు సుమారు మూడు రోజులకొకసారి కడుపునిండా తింటుంది. ఏడాదికి 120 భోజనాలు. నూటికి ఒక్క కళేబరంలో విషం ఉన్నా, ఏడాది తిరిగేలోగా ఆ విషపు భోజనం దానికి ఎదురయ్యే అవకాశమే ఎక్కువ. పైగా ఒక్క కళేబరం మీద పదులకొద్దీ పక్షులు కలిసి వాలుతాయి. ఒక్క పశువుతో గుంపు గుంపే పోతుంది.

మరొక సంగతి. రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. ఆ పిల్ల ఎదిగి గూడు కట్టడానికి అయిదేళ్ళ దాకా పడుతుంది. ఇటువంటి జాతికి వేగంగా చావులు వస్తే పూడ్చుకొనే శక్తి ఉండదు. కళేబరాలలో నూటికి ఒకటి కన్న తక్కువ విషపూరితమైనా ఈ పతనానికి సరిపోతుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కాబట్టి ‘నేనొక్కడిని వాడితే ఏమవుతుంది’ అన్న మాట ఈ విషయంలో చెల్లదు.

నష్టం ఎవరికి?

పక్షి పోతే పోయింది, మనకేమి నష్టం అనేవారు ఉండవచ్చు. కళేబరం అక్కడే ఉంది, తినేవాడు మాత్రం పోయాడు. ఆ తిండికి కుక్కలు చేరాయి. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం 1992 నుంచి 2006 వరకు రాబందులు తగ్గిన కారణంగా కుక్కలు 50 లక్షలకు పైగా పెరిగాయి. వాటి కాట్ల వలన పిచ్చికుక్క వ్యాధితో అదనంగా 47 వేల మందికి పైగా మరణించి ఉంటారని అంచనా.

2024లో చికాగో, వార్విక్ విశ్వవిద్యాలయాల ఆర్థికశాస్త్రజ్ఞులు మరొక లెక్క వేశారు. పూర్వం రాబందులు ఎక్కువగా ఉండిన జిల్లాలను, మొదటి నుంచి తక్కువగా ఉన్న జిల్లాలను పోల్చి చూశారు. రాబందులు పోయిన జిల్లాలలో మనుషుల మరణాలు నూటికి నాలుగు వంతులు పెరిగాయి. 2000 నుంచి 2005 వరకు దేశం మొత్తం మీద సుమారు 5 లక్షల అదనపు మరణాలు సంభవించాయని వారి అంచనా. కుక్కలు పెరగడం, కుళ్ళిన కళేబరాలు నీటిని చెడగొట్టడం ఇందుకు ముఖ్య కారణాలుగా చెప్పారు.

పిచ్చికుక్క మనిషినే కాదు, పాక ముందు కట్టేసిన గేదెను కూడా కరుస్తుందన్న సంగతి పాడి రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

చట్టం వచ్చింది, దొడ్డిదారి మిగిలింది

2006 మే నెలలో కేంద్ర ప్రభుత్వ ఔషధ నియంత్రణ అధికారి పశువులకై డైక్లోఫెనాక్ తయారీని నిలిపివేయవలసిందిగా ఉత్తర్వులిచ్చారు. 2008లో గెజెట్టు ద్వారా నిషేధం ఖాయమైంది. నేపాల్, పాకిస్తాన్ దేశాలు కూడా 2006లోనే నిషేధించాయి. బంగ్లాదేశ్ 2010లో ఆ దారి పట్టింది.

అయితే మనుషుల మందుగా డైక్లోఫెనాక్ దుకాణాలలో ఉన్నది. పెద్ద సీసాలలో, 30 మిల్లీలీటర్ల చొప్పున అమ్మేవారు. మనిషికి ఒక మోతాదు 3 మిల్లీలీటర్లు. అంత పెద్ద సీసా ఎవరి కోసం? పశువు కోసమేనని అందరికీ తెలుసు. అందుచేత 2015లో మనుషులకు అమ్మే ఇంజక్షను 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదుకు మించరాదని కేంద్రం ఆదేశించింది. కొన్ని కంపెనీలు కోర్టుకు వెళ్ళగా 2017లో మద్రాసు హైకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది.

డైక్లోఫెనాక్ తగ్గిన చోట మరికొన్ని నొప్పి మందులు వచ్చాయి. వాటిలో కీటోప్రొఫెన్ రాబందులకు ప్రాణాంతకమని తేలింది. ఎసిక్లోఫెనాక్ పశువు శరీరంలోకి వెళ్ళగానే డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది. పేరు మారింది గాని విషం అదే. ఈ రెంటినీ 2023 జూలైలో పశువులకు నిషేధించారు. 2024 డిసెంబరు చివర నిమెసులైడ్ కూడా ఆ జాబితాలో చేరింది.

పక్షి కోసం పశువును బాధపెట్టాలా?

ఇది సభ్యులు వేయదగిన ప్రశ్నే. అక్కరలేదని జవాబు. మెలాక్సికామ్ అనే మందు పశువు నొప్పికి, వాపుకు, జ్వరానికి బాగా పనిచేస్తుంది. దక్షిణాఫ్రికాలోను మన దేశంలోను రాబందులపై పరీక్షించి, దీని వల్ల వాటికి హాని లేదని 2006లో ప్రకటించారు. ఇప్పుడు అనేక కంపెనీలు దీనిని తయారు చేస్తున్నాయి. ఆ తరువాత టోల్ఫెనామిక్ ఆసిడ్ అనే మందు కూడా రాబందులకు సురక్షితమని తేలింది. కాబట్టి పశువుకు ఉపశమనం, పక్షికి ప్రాణం – రెండూ దక్కే మార్గం ఉన్నది. మందు పేరు అడిగి తెలుసుకోవడమే మనం పడవలసిన శ్రమ.

నేపాల్ గ్రామస్థులు చేసి చూపించినది

నేపాల్‌లోని నవల్‌పరాసి జిల్లా పిఠౌలీ గ్రామస్థులు ఒక పని చేశారు. పాలు వట్టిపోయిన ముసలి ఆవులను చేరదీసి, అవి సహజంగా చనిపోయే దాకా మేపుతారు. వాటికి హాని చేసే మందులు వేయరు. చనిపోయిన తరువాత రాబందుల కోసం కేటాయించిన స్థలంలో ఉంచుతారు. దానిని అక్కడివారు జటాయువు పేరుతో భోజనశాల అని పిలుస్తారు. చూడవచ్చే యాత్రికుల వలన ఊరికి కొంత ఆదాయం కూడా వస్తుంది. ఇటువంటి స్థలాలు మరికొన్ని గ్రామాలలోనూ ఏర్పడ్డాయి. చుట్టుపక్కల జిల్లాలలో డైక్లోఫెనాక్ లేకుండా చేసి, మెలాక్సికామ్ అందించారు. దరిమిలా నేపాల్‌లో రాబందుల పతనం ఆగి, మెల్లగా పెరగడం ఆరంభించాయి. ఊరంతా ఒక మాట మీద నిలబడితేనే ఇది సాధ్యమయింది. మన సహకార సంఘాలు నిలిచినదీ ఆ బలం మీదనే.

మన దేశంలో హర్యానాలోని పింజోర్‌లో రాబందుల సంతానోత్పత్తి కేంద్రం పనిచేస్తున్నది. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో కూడా ఇటువంటి కేంద్రాన్ని ఏర్పాటు చేశారు. తెలంగాణలో ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకున్నట్లు 2013లో గుర్తించారు. అయితే కేంద్రాలలో పెంచిన పక్షిని వదిలితే అది తినేది మన ఊరి కళేబరాన్నే. ఆ కళేబరం మంచిది కాకపోతే పెంచిన శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

సంఘాలు, సభ్యులు చేయవలసినవి

1. పశువుకు నొప్పి మందు పశువైద్యుని సలహా మీదనే వేయించాలి. వేసే ముందు మందు పేరు అడగాలి. మెలాక్సికామ్ వేయమని కోరే హక్కు మనకున్నది.

2. మనుషుల డైక్లోఫెనాక్ సీసాలు కొని తెచ్చి పశువుకు వేయించరాదు. అది చట్ట విరుద్ధం. ఏ దుకాణంలోనైనా పశువులకని అమ్ముతుంటే సంఘం తరఫున ఔషధ తనిఖీ అధికారికి తెలియజేయాలి.

3. సంఘంలో ప్రథమ చికిత్స మందుల పెట్టె ఉంటే, అందులోని మందుల పేర్లను కార్యదర్శి ఒకసారి సరిచూడాలి. నిషేధించిన మందు పేర్లు పాల కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

4. ఏ మందు వేసినా ఎన్ని పూటల పాలు కేంద్రానికి పోయకూడదో వైద్యుని అడిగి పాటించాలి. పాలు తాగే పసిబిడ్డ కూడా మన బాధ్యతే.

5. జబ్బే రాకుండా చూసుకుంటే మందు అవసరమే తగ్గుతుంది. పొదుగువాపు నివారణకు పాక నేల పొడిగా ఉంచడం, పితికే ముందు పొదుగు, చేతులు కడుక్కోవడం, పూర్తిగా పితకడం, పితికిన తరువాత చనుమొనలను మందునీటిలో ముంచడం, పశువును వెంటనే పడుకోనీయకుండా కొంత మేత వేయడం – ఇవి ఖర్చు లేని పద్ధతులు.

6. మందు వేసిన తరువాత కొద్ది రోజులలో చనిపోయిన పశువును బయట పారవేయక పూడ్చిపెట్టాలి. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. చెరువుకు, బావికి దూరంగా ఉండాలి. హఠాత్తుగా చనిపోయి ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లని రక్తం కారుతుంటే దొమ్మ రోగమని అనుమానించి, కోయకుండా, తోలు తీయించకుండా వైద్యునికి కబురు చేయాలి.

7. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట సేపు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళి టీకాలు వేయించుకోవాలి. పసరు, కారం పూసి కాలయాపన చేయరాదు. పశువును కరిచినా పశువైద్యునికి చూపించాలి.

8. ‘మా సంఘ పరిధిలో రాబందులకు హాని చేసే మందులు వాడము’ అని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయవచ్చు. ఒక్క ఊరు చేస్తే చాలదు. రాబందు ఒక్క రోజులో ఎన్నో ఊళ్ళ మీదుగా ఎగురుతుంది. పక్క సంఘాలతో కూడా చేయించాలి.

ముగింపు

పరిశ్రమ తయారు చేసే వస్తువు మన పాకలోకి వచ్చి, మన పాకలో నుంచి పొలిమేరకు, పొలిమేర నుంచి ఆకాశానికి ఎలా చేరుతుందో ఈ కథ చెబుతుంది. పశువుకు వేసిన పది రూపాయల సూదికి లెక్క పుస్తకంలో రాని ఖర్చు ఎంతో ఉన్నది. ఆ ఖర్చు కొన్నేళ్ళ తరువాత కుక్క కాటుగా, చెడిన నీరుగా ఊరి మీదకే తిరిగివచ్చింది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్న మాట నిజమే గాని, ఈసారి ఆకులు మన చేతికి అందుబాటులోనే ఉన్నాయి. మంచి మందు దుకాణంలో ఉన్నది. చట్టం మన పక్షాన ఉన్నది. పాలు పోసే ప్రతి సభ్యుడూ, ప్రతి సభ్యురాలూ మందు పేరు అడగడం అలవాటు చేసుకుంటే చాలు.

ఈ వ్యాసాన్ని సంఘ కార్యదర్శులు పాల కేంద్రం వద్ద సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.